గోడమీద యాళి తలకాయ

ఈ పూట నేను చెప్పబోయేది వంటా కాదు, కుట్టుపనీ కాదు. గోడకి తగిలించే తలకాయ సంగతి. తలకాయ అనగానే జడుసుకోకండి. పాత బంగళాల్లో, జమీందారీ ఇళ్లల్లో హాలు గోడలకి పులి తలలూ, దుప్పి తలలూ తగిలించి ఉండేవి చూశారా, అలాంటిదన్నమాట. కాకపోతే ఇది ఏ అడవిలోనూ పుట్టిన జంతువు కాదు. గుడి స్తంభం మీద నుంచి దిగివచ్చిన యాళి. చంపింది లేదు, తోలు తీసింది లేదు. పాత పేపర్లూ, మెంతులూ, ఒక చివికిన గంపా, అంతే సరుకు.

ఇంత పని ఎందుకు పెట్టుకున్నావమ్మా అంటారేమో. అది ముందు చెబుతాను.

మా అత్తవారి ఇల్లు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. ఉప్పుగాలి ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. ఆ ఇంటి హాల్లో ఒక దుప్పి తల ఉండేది. మా మామగారి నాన్నగారు ఎప్పుడో వేటకి పోయి కొట్టుకొచ్చినది. వచ్చిన చుట్టాలకల్లా ఆ కథ చెప్పడం మా అత్తయ్యకి ఇష్టం. నేను కాపురానికి వచ్చేనాటికే దాని చెవి ఒకటి పురుగు కొట్టి రాలిపోయింది. ఏటా వానాకాలంలో దాని మెడ మీద బూజు పట్టేది. అయినా అది ఇంటి గౌరవం కదా, ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

ఒకనాడు మా చిన్నవాడు, అప్పటికి వాడికి నాలుగేళ్లు, దాన్ని చాలాసేపు చూసి, "అమ్మా, దీని ఒళ్లు గోడకి అవతల ఉందా?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపల వాడే పక్కగదిలోకి పరిగెత్తాడు, అవతల కాళ్లున్నాయేమో చూద్దామని. తిరిగొచ్చి, "లేదమ్మా, ఒళ్లెవరో తీసేశారు" అన్నాడు. అత్తయ్య అప్పుడు బియ్యం ఏరుతున్నారు. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం మావారితో, "నా తర్వాత దాన్ని ఎవరు మోస్తార్రా? ఇచ్చేద్దాం" అన్నారు.

ఇంట్లో అలాంటివి ఉన్నవాళ్ల కోసం

ఈ ముక్క చాలా ఇళ్లకి అవసరం కనుక కొంచెం నిదానంగా చెబుతాను. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల తలలూ, తోళ్లూ, కొమ్ములూ ఇంట్లో ఉంచుకోవాలంటే యాజమాన్యపు సర్టిఫికెట్ ఉండాలి. మా తాతలనాటిది కదా అంటే కుదరదు. సర్టిఫికెట్ ఉన్నా పులి, చిరుత వంటి వాటివి అమ్ముకోవడానికి వీల్లేదు. మా అదృష్టం కొద్దీ అత్తయ్య పేరున కాగితం ఉంది. ఈ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సర్టిఫికెట్ ఉన్నవాళ్లు తమకి వద్దనుకుంటే ముందుగా నోటీసు ఇచ్చి, అలాంటి వస్తువుని ప్రభుత్వానికి అప్పగించేయవచ్చు. డబ్బేమీ ఇవ్వరు. సర్టిఫికెట్ రద్దవుతుంది, బాధ్యత తీరిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. పాతకాలపు తలలూ, తోళ్లూ పురుగు పట్టకుండా లోపల పాషాణం, అంటే ఆర్సెనిక్, కలిపిన సబ్బు పూసేవారు. అది ఎన్నేళ్లయినా పోదు. దులిపినప్పుడల్లా ఆ దుమ్ము గాలిలోకి లేస్తుంది. కనుక అలాంటివాటిని చీరకొంగుతో తుడవకండి. పిలకాయల చేతికి అందనివ్వకండి. తప్పనిసరైతే ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని, తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డ పారేయండి. నేను పదేళ్లపాటు పండగపండక్కీ ఆ దుప్పిని ఈకల కుంచెతో దులిపాను. తెలియకపోతే ఇంతే కదా!

దుప్పి వెళ్లిపోయింది. గోడమీద తెల్లగా ఒక గుండ్రటి మచ్చా, ఒక కొక్కెమూ మిగిలాయి. అత్తయ్య భోజనం చేస్తూ అటే చూసేవారు. క్యాలెండరు తగిలించాం, ఆనలేదు. పెళ్లిఫోటో పెట్టాం, చిన్నదైపోయింది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది.

లోపల ఉన్నది కాగితమే

ఆ దుప్పిని దించినప్పుడు మెడ వెనకాల చినిగిన చోట లోపలికి చూశాను. ఎముకా లేదు, కండా లేదు. అట్టలాగా గట్టిపడిన కాగితం ఉంది! తర్వాత తెలుసుకుంటే అసలు ఆ విద్య అంతా అదేనట. మన పక్కనే మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం వారి కార్ఖానా ఉండేది. 1900 ప్రాంతంలో మొదలై 1999లో మూతపడింది. దేశంలోని రాజులూ, దొరలూ వేటాడిన పులులూ, చిరుతలూ అక్కడికే వెళ్లేవి. వాళ్లు ముందు జంతువు కండరాల తీరు చూసి బంకమట్టితో ముఖం చేసేవారు. దానికి అచ్చు తీసేవారు. ఆ అచ్చులో కాగితమూ జిగురూ పొరలుపొరలుగా అద్ది, తేలికైన బోలు బొమ్మ తీసేవారు. దానిమీద బాగుచేసిన తోలు తొడిగేవారు. గాజుకళ్లు పెట్టేవారు. నాలుకా, చిగుళ్లూ రంగువేసి దిద్దేవారు.

చచ్చిపోయిన జంతువు ముఖంలో కోపం ఉండదు కదమ్మా. గోడమీద పులి గర్జిస్తున్నదంటే ఆ గర్జన పులిది కాదు, పనివాడి చేతిది. కాగితమూ మట్టీ కలిసి చేసినది. తోలు ఒక్కటే జంతువుది. ఆ ఒక్క తోలు లేకపోతే ఏం పోయింది? మిగిలిన విద్యంతా మన ఇంట్లోనే ఉంది.

మన ఇంట్లో ఉంది అని ఊరికే అనడం లేదు. మీ అమ్మమ్మలూ, నాయనమ్మలూ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, ఆ గుజ్జుని బిందెల మీద బోర్లించి బుట్టలు చేసేవారు కదూ? చేటలకీ, జల్లెళ్లకీ కంతలు పడకుండా ఆ గుజ్జే అలికేవారు. ఎంత గట్టిగా ఉండేవి! మెంతుల్లో ఉన్న బంక కాగితపు పీచుల్ని పట్టి ఉంచుతుంది. ఆ చేదుకి పురుగు దూరంగా ఉంటుంది. అదే విద్యతో బుట్టకి బదులు ముఖం చెయ్యాలి, అంతే తేడా.

ఒళ్లు లేని ముఖాలు మనకి కొత్త కాదు

గోడకి ఒట్టి తలకాయ తగిలించడం దొరలు నేర్పిన పని అనుకుంటాం కానీ, మన గుళ్లల్లో అంతకన్నా ఎంతో ముందునుంచీ ఒక తలకాయ ఉంది. దేవుడి వెనక మకరతోరణం నడినెత్తిన గుడ్లురిమి చూసే సింహలలాటం. దాన్నే కీర్తిముఖం అంటారు. దాని కథ స్కాందపురాణంలో ఉంది. జలంధరుడి దూతగా వచ్చిన రాహువు పార్వతిని తన ప్రభువుకి ఇమ్మని శివుణ్ణి అడిగాడట. శివుడికి కోపం వచ్చి, ఆ కోపంలో నుంచి ఎముకలగూడులాంటి ఆకలిగొన్న భూతం ఒకటి పుట్టింది. రాహువు శరణన్నాడు. శివుడు వదిలేయమన్నాడు. మరి నా ఆకలి మాటేమిటి అంది భూతం. నిన్ను నువ్వే తినమన్నాడు. అది కాళ్లూ చేతులూ ఒళ్లూ అంతా తినేసి, ముఖం ఒక్కటీ మిగిల్చింది. శివుడు మెచ్చుకుని, కీర్తిముఖమని పేరుపెట్టి గుమ్మం మీద ఉండమన్నాడు.

చూశారా, దాని ఒళ్లు ఏమైందో చెప్పడానికి మనకి కథ ఉంది. పిలకాయలు అడిగితే తల వంచుకోనక్కరలేదు.

అత్తయ్యకి మాత్రం ఒక సందేహం. "దేవుడి తలమీద ఉండాల్సిన దాన్ని, మనం కాఫీ తాగేచోట పెట్టొచ్చునా?" అన్నారు. అందుకని యాళిని ఎంచుకున్నాం. శ్రీకాళహస్తి, లేపాక్షి, తాడిపత్రి గుళ్లల్లో విజయనగరం కాలంనాటి మండపాలు చూసినవాళ్లకి యాళి తెలిసే ఉంటుంది. సింహం ముఖం, ఏనుగు తొండం, కోరలు, బయటికి పొడుచుకొచ్చిన గుడ్లు. స్తంభాలకి కాపలా కాసే జంతువు. దానికి పూజా లేదు, మడీ లేదు.

ఎవరూ చూడని జంతువుని చేసేటప్పుడు ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. మొత్తం జంతువు అబద్ధమైనా ఒక్కొక్క అవయవమూ నిజమై ఉండాలి. శిల్పులు చేసింది అదే. కనుక వీధిలో చూడండి. కుక్క ఆవులించినప్పుడు దవడ ఎక్కడ విరుస్తుంది? కంటికింద కాదు, చెవికి దగ్గరగా. కొమ్ముకి మా ఊరి పొట్టేలునే నమూనా పెట్టుకున్నాను. నెల్లూరు గొర్రెల్లో మామూలుగా పొట్టేళ్లకే కొమ్ములుంటాయి. అవి మొదట్లో లావుగా, గాళ్లుగాళ్లుగా మొదలై, వెనక్కి తిరిగి చుట్టుకుంటాయి. గంగడోలు మడతలకి ఒంగోలు ఎద్దుని చూస్తే చాలు. తొండానికి గుడి ఏనుగు.

మొదటి తల ఎలా పాడైందంటే

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. నేను మొదలుపెట్టింది కార్తీకమాసంలో. పండగల హడావుడి అయిపోయింది కదా, తీరిగ్గా ఉంటుందని. మన తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, ఆ సంగతే మరిచిపోయాను. పైగా త్వరగా అయిపోవాలని రెండంగుళాల మందాన గుజ్జు ఒక్కసారే పెట్టేశాను. బూజు పట్టకుండా ఉప్పు వెయ్యమని ఎవరో చెబితే గుప్పెడు ఉప్పు కూడా వేశాను. ఐదో రోజుకి బుగ్గలు జారాయి. పదో రోజుకి నల్లగా, పచ్చగా బూజు. ఇల్లంతా ముక్కవాసన. కోసి చూస్తే పైన అప్పడంలాగా ఎండింది, లోపల ఒండ్రులాగా ఉంది. మావారు దాన్ని సరుగుడు చెట్టు కింద గొయ్యి తీసి పూడ్చి, "వేటకి వెళ్లకుండానే ఒకదాన్ని చంపావు" అన్నారు.

అందులో నేర్చుకున్నవి మూడు. ఒకటి, సముద్రపు ఒడ్డున ఈ పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఎండాకాలంలోపల ముగించుకోవాలి. రెండు, ఒక్కసారి పెట్టే గుజ్జు అర అంగుళం మించకూడదు. మూడు, ఉప్పు అసలు వెయ్యకూడదు. పొడినేలల్లో ఏమోగానీ మనవైపు ఉప్పు గాలిలోని తేమని లాగుతుంది. వానాకాలంలో ఉప్పుజాడీ ఎలా చెమ్మగిల్లుతుందో తెలియనిదెవరికి?

రెండోసారి మాఘమాసంలో కూర్చున్నాను. ఆ పద్ధతి చెబుతాను, రాసుకోండి.

కావలసినవి

రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క ఒకటి. పాత వెదురు గంప ఒకటి, దానికన్నా చిన్న బుట్ట ఒకటి, అన్నం వార్చే వెదురు సిబ్బి ఒకటి. కొబ్బరిపీచు తాడు. పాత పేపర్లు మూడు కిలోలు. మైదాపిండి కిలో. మెంతులు పావుకిలో. చింతగింజలు అరకిలో. రంపపుపొట్టు. సుద్దపొడి. మైలుతుత్తం కొద్దిగా. ఇత్తడి మరమేకులు.

ఇనపతీగతో, కోళ్లగూడు మెష్‌తో చేస్తే తేలిక అంటారు. లోపలి ఊళ్లలో సరే, మన దగ్గర వద్దు. ఉప్పుగాలికి తీగ తుప్పుపట్టి, ఆ తుప్పు రంగుల్లో నుంచి కూడా ఎర్రగా పైకి ఊరుతుంది. వెదురుకి ఆ బాధ లేదు. మేదరవాళ్లు అల్లిన గంపకి మించిన పుర్రె మనం చెయ్యలేం.

చట్రం

ముందు చెక్క. తల అంతా అయ్యాక గోడకి ఎలా తగిలించాలా అని ఆలోచించేవాళ్లు ఉన్నారు, అది పొరపాటు. కొక్కేలు ముందే చెక్కకి ఇత్తడి మరలతో బిగించండి. తర్వాత గంపని చెక్కమీద బోర్లించి, అంచు పక్కన చెక్కకి కంతలు వేసి, పీచుతాడుతో గట్టిగా కుట్టండి. అదే పుర్రె. దాని ముందు, కొంచెం కిందగా చిన్నబుట్టని కట్టండి. అది మూతి. సిబ్బిని సగానికి కోసి కింద కడితే దవడ. దవడ చెవి దగ్గరనుంచి రావాలని చెప్పాను కదా, ఆ కట్టు వెనకగా ఉండేట్టు చూడండి. తొండానికి ఒక పేము బెత్తం తీసుకుని నీళ్లలో నానేసి వంచి, మొదట్లో లావుగా, చివర సన్నగా పీచుతాడు చుట్టాలి.

ఇప్పుడు దాన్ని గోడకి ఆనించి పదడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఈ దశలో జంతువులా కనిపించకపోతే, తర్వాత ఎంత గుజ్జు పెట్టినా కనిపించదు. నేను కట్టు మూడుసార్లు విప్పాను.

జిగురు, గుజ్జు

మైదాని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి గంజిలాగా ఉడికించండి. పుస్తకాలు బైండు చేసేవాళ్లు ఇందులో మైలుతుత్తం వేస్తారు, పురుగూ బూజూ రాకుండా. కిలో పిండికి రెండు టీస్పూన్లు చాలు. అయితే అది విషం. నీలంగా అందంగా ఉంటుంది, పిలకాయలు పటికబెల్లం అనుకునే ప్రమాదం ఉంది. వంటగిన్నెల్లో కలపకండి. అల్యూమినియం, ఇనుము గిన్నెల్ని అది తినేస్తుంది కూడా. గంజి ఉడికి చల్లారాక ప్లాస్టిక్ బకెట్‌లోకి వంచి, అందులో కలిపి, ఆ బకెట్ మీద గుర్తుపెట్టి అటకమీద ఉంచండి. పాకే పిల్లలున్న ఇల్లయితే మైలుతుత్తం మానేసి పటిక వాడండి. బలం తక్కువే కానీ మనశ్శాంతి ఎక్కువ.

మొదట గుజ్జు కాదు, పేపరు ముక్కలు అంటించాలి. రెండు వేళ్ల వెడల్పున చింపాలి, కత్తెరతో కత్తిరించకూడదు. చింపిన అంచు పీచుపీచుగా ఉండి కిందిపొరలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు లేచి కనబడుతుంది. ఒక పొర నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. రోజుకొక పొర చొప్పున నాలుగు పొరలు.

గుజ్జుకి పేపర్లు రెండురోజులు నానాలి. నానిన మెంతులు కలిపి రోట్లో రుబ్బాలి. మిక్సీలో వేస్తే మోటారు కాలుతుంది, వేసినా గుప్పెడు కాగితానికి చెంబెడు నీళ్లు పొయ్యాలి. నేను రోలు ముందు కూర్చుని అవస్థపడుతుంటే అత్తయ్య వచ్చారు. దుప్పి వెళ్లిన తర్వాత ఆమె నాతో ముక్తసరిగానే ఉంటున్నారు. కాసేపు చూసి, "ఏందిమే అది, ఇడ్లీపిండా? నీళ్లు పిండకుండా రుబ్బితే యాడ నిలబడుద్ది? లే, నేను చేస్తా" అని కొంగు దోపుకుని కూర్చున్నారు. గుప్పిట్లో పట్టి పిసికితే వేళ్ల సందున నీరు కారకుండా, ముద్ద విరగకుండా ఉండాలట. ఆ కొలత నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ముఖానికి ప్రాణం పోసేవి

ఇప్పుడు అసలు పని. కోపమంతా నోట్లో ఉంటుందనుకుంటాం, కోరలు పెద్దవి పెడితే చాలనుకుంటాం. కాదు, కంటిమీద ఉంటుంది. పైరెప్ప కనుపాప పైభాగాన్ని కొంచెం కప్పాలి. కనుబొమ ముక్కువైపు కిందికి దిగాలి. అప్పుడు ఉగ్రం వస్తుంది. నల్లగుడ్డు చుట్టూ తెల్లగుడ్డు పూర్తిగా కనబడిందా, ఆ జంతువు భయపడ్డట్టుంటుంది. వేటాడే జంతువులకి కళ్లు ముందుకి, మేసేవాటికి పక్కలకి ఉంటాయి. యాళి కాపలా జంతువు కనుక కళ్లు ముందుకే పెట్టాను.

కంటికి చిన్న కొబ్బరిచిప్పలు తీసుకుని గరుకుకాగితంతో నున్నగా రుద్దండి. తెలుపు వేసి, మధ్యలో గుడ్డు దిద్ది, చుట్టూ కాకిబంగారం రేకలు అంటించి, పైన మూడుసార్లు వార్నిష్ పూయండి. కాకిబంగారం అంటే అభ్రకమే. గూడూరు, సైదాపురం వైపు అభ్రకపు గనులు పేరున్నవి కదా. పొడి కాకుండా రేకులుగా వాడండి, దుమ్ము ఊపిరికి మంచిది కాదు. సాయంత్రం దీపం వెలిగించగానే ఆ కళ్లు ఎలా మెరుస్తాయో!

పళ్లకీ, కొమ్ముల గాళ్లకీ గుజ్జు పనికిరాదు, అంచు నిలవదు. కొండపల్లి బొమ్మలవాళ్ల మక్కు వాడండి. వాళ్లు తెల్లపొణికి చెక్కతో చేసిన అవయవాల్ని చింతగింజల జిగురూ, రంపపుపొట్టూ కలిపిన మక్కుతోనే అతుకుతారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచి, ఉడికిస్తే జిగురు వస్తుంది. అందులో జల్లించిన పొట్టు కలిపి చపాతీపిండిలా చేసుకోవాలి. ఆరాక చెక్కలాగా గీసుకోవచ్చు.

ఒక్క మాట. పళ్లకీ పొలుసులకీ సముద్రపు ఒడ్డున దొరికేవి ఏరుకొస్తే బాగుంటుందనిపిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చచ్చి కొట్టుకొచ్చినవీ కనబడతాయి. వాటి డిప్ప తేకండి, చట్టం ఒప్పదు. ఒక జంతువు తలని పంపించేసి ఇంకొకదాని డిప్ప తెచ్చుకుంటే మనం చేసిన పనికి అర్థమేముంది?

ఆరబెట్టడం

ఇదే కష్టం, ఓపికంతా ఇక్కడే. ఎర్రటెండలో పెట్టకండి. పైన పెచ్చు కట్టి లోపల తడి నిలిచిపోతుంది, ఆ తర్వాత పగుళ్లిస్తుంది. నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. పొద్దుగూకేసరికి సముద్రపు చెమ్మ దిగకముందే వడియాల్లాగా లోపలికి తెచ్చుకోవాలి. ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? ముంజేతి వెనకభాగం ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ఇంకా నమ్మకమైన పద్ధతి కాటా. రోజూ తూచండి. రెండు మూడు రోజులు వరసగా బరువు తగ్గకుండా ఉంటే ఆరినట్టు. మా యాళి తడిమీద తొమ్మిది కిలోలు దాటింది, ఆరాక నాలుగున్నరకి వచ్చింది. సన్నపగుళ్లు వస్తే కంగారుపడకండి. గుజ్జు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. మెత్తటి గుజ్జుతో పూడ్చండి.

పూర్తిగా ఆరాక సుద్దపొడీ జిగురూ కలిపి రెండుసార్లు పూసి, నున్నగా రుద్ది, అప్పుడు రంగులు. చివర వార్నిష్. చెక్కకి వెనకాల నాలుగు కంతలు వదలండి, లోపలికి గాలి ఆడాలి.

తగిలించేటప్పుడు మనిషి తలకన్నా ఎత్తుగా, ముఖం కొంచెం కిందికి వంగేట్టు పెట్టండి. కింద నుంచి చూసేవాళ్లని అది చూస్తున్నట్టుంటుంది. రెండు కొక్కేలు తప్పనిసరి. పిల్లల మంచం పైన మాత్రం ఎప్పుడూ వద్దు. ఏటా వానలకి ముందు దించి, వెనక వైపు చూసి, పొడిగుడ్డతో తుడవండి.

ఇప్పుడు మా హాల్లో ఆ తెల్లమచ్చ కనబడటం లేదు. పచ్చటి ముఖం, ఎర్రటి నాలుక, మెలితిరిగిన పొట్టేలు కొమ్ములు. తొండం చివర ముక్కుపుటాలు మాత్రం నావి కావు. నేను చేసినవి పందిముక్కులా వచ్చాయని అత్తయ్య తీసేసి, బొటనవేలితో రెండు నొక్కులు నొక్కి తిరిగి చేశారు. ఆ వేలిగుర్తు రంగుకింద ఇప్పటికీ కనబడుతుంది.

ఇల్లు చూసిన చుట్టాలకి అత్తయ్య కథ చెప్పడం మానలేదు. వేట కథ ముందు వస్తుంది, అదెక్కడికీ పోదు. తర్వాత దుప్పిని అప్పగించిన కథ. ఆ తర్వాత, "ఇది మేమే చేశాం" అంటారు. మొన్న మా చిన్నవాడి స్నేహితుడు వచ్చి దాన్ని చూసి, దీని ఒళ్లేదిరా అని అడిగాడు. మావాడు తడుముకోలేదు. "దీనికి ఒళ్లు లేదు. ముఖమే పుట్టింది. ముక్కు మా అవ్వ చేసింది" అన్నాడు.

మీ ఇంట్లోనూ చివికిన గంప ఒకటి అటకమీద ఉండే ఉంటుంది. సంక్రాంతి వెళ్లనివ్వండి, దించండి. రోలు ముందు కూర్చునేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని పిలవడం మరిచిపోకండి. సెలవు.